ఖాళీ టైంలో అల్లిన పువ్వు

మొన్న సంక్రాంతి వెళ్ళాక ఒక స్నేహితురాలి కొత్త ఇంటికి వెళ్ళాను. హైదరాబాదులో, కొండాపూర్ వైపు, పద్నాలుగో అంతస్తు. ఇల్లంతా ఒక ఇంటీరియర్ డిజైనర్ చేతి మీదుగా అమరింది. ఆ రోజు ఆవిడ కూడా అక్కడే ఉంది. ఇంట్లో తనకి బాగా ఇష్టమైన వస్తువుల్ని ఒక్కొక్కటే చూపించింది. ఏటికొప్పాక లక్కబొమ్మలు, చేర్యాల బొమ్మముఖాలు, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ. హాల్లో ఒక సమకాలీన చిత్రకారిణి వేసిన పెద్ద నైరూప్య చిత్రం. దాని పక్కన చిన్న ఇత్తడి పలక మీద ఆమె పేరు, బొమ్మ వేసిన సంవత్సరం.

భోజనాల గదిలోకి వెళ్ళేసరికి ఆగిపోయాను. నల్లటి గుడ్డ మీద పరిచి, అద్దాల చట్రంలో బిగించి, పైనుంచి చిన్న లైటు వేసి పెట్టిన తెల్లటి లేసు పువ్వు. జానెడు వెడల్పు ఉంటుంది. "ఇది నా ఫేవరెట్ పీస్. చేత్తో అల్లింది. నర్సాపురం పని. దగ్గరగా చూడండి, ఈ రేకు ఆ రేకంత లేదు. ఆ చిన్న తేడాలోనే ఉంది అందమంతా. మెషీనయితే ఇలా చెయ్యలేదు" అంది డిజైనర్.

దగ్గరగా వెళ్ళి చూశాను. ఆ పువ్వు నాకు తెలుసు. ఆ పువ్వే అని కాదు, అలాంటివి కొన్ని వందలు మా మేనత్త ఒడిలో రాలడం చూస్తూ పెరిగాను. చట్రం పక్కన పలక కోసం వెతికాను. లేదు.

ఈ వ్యాసం ఆ లేని పలక గురించి మొదలుపెట్టాను. రాస్తూ ఉంటే అది ఇంకో చోటికి వెళ్ళింది.

మొదట నా గురించి ఒక నిజం ఒప్పుకోవాలి. మా అత్త పెళ్ళికి ఇచ్చిన లేసు టేబుల్‌క్లాత్ ఒకటి నా దగ్గరుంది. ఎనిమిదేళ్ళుగా అది అటక మీద పాత సూట్‌కేసులో ఉంది. ఒక్కసారి కూడా పరచలేదు. యూనివర్సిటీలో చదివే రోజుల్లో, స్త్రీల పత్రికల్లో 'కుట్లు అల్లికలు' శీర్షికల మీద ఒక సెమినార్ పత్రం రాశాను. ఆడవాళ్ళని ఇంటికి కట్టిపడేసే శిక్షణలో వంట మొదటి పాఠమైతే అల్లిక రెండోది అని గట్టిగా వాదించాను. మెచ్చుకున్నారు. ఆ పత్రం రాసింది అత్త ఇంటి అరుగు మీద కూర్చునే. వేసవి సెలవులు. నా పక్కనే అత్త తల వంచుకుని అల్లుకుంటోంది. ఏం రాస్తున్నావని అడిగితే "ఏదో కాలేజీ పనిలే అత్తా" అన్నాను.

రోజికా పార్కర్ 1984లో ఎంబ్రాయిడరీ గురించి రాసిన పుస్తకం చదివాక గానీ నా తప్పు కొంత అర్థం కాలేదు. సూది పని స్త్రీలకి అణకువ నేర్పిన సాధనం, వాళ్ళు తమదంటూ ఏదో చెప్పుకున్న చోటు కూడా. ఆ రెండూ నిజమే అంటుందామె. నేను మొదటి సగమే చూశాను. అయితే ఆ పుస్తకం చదివాక కూడా సూట్‌కేసు దింపలేదు. పద్నాలుగో అంతస్తులో, లైటు కింద, ఒక డిజైనర్ అభిరుచి మెచ్చి గోడకెక్కించాక నాకు ఆ పువ్వు అందంగా కనిపించింది. గర్వంగా కూడా అనిపించింది. "మా అత్త ఇవి అల్లేది" అన్నాను అందరూ వినేలా. ఆ గర్వం మీద నాకిప్పుడు అనుమానం. మా అత్త పనిని చూడటానికి నాకు అత్త కళ్ళూ చాలలేదు, నా చదువూ చాలలేదు. కొనగలిగినవాళ్ళ కళ్ళు కావలసి వచ్చాయి.

లేసు అల్లిక గోదావరి డెల్టాకి క్రైస్తవ మిషనరీలతో పందొమ్మిదో శతాబ్దంలో వచ్చింది. ముందు నేర్చుకున్నది మతం మారిన పేద దళిత స్త్రీలు. తర్వాత తర్వాత అది కాపు ఇళ్ళల్లోకి వచ్చింది. 1970ల్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ నర్సాపురం ప్రాంతంలో ఈ స్త్రీల మధ్య తిరిగి అధ్యయనం చేసింది. 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' 1982లో వచ్చింది. మనలో చాలామంది క్లాసులో చదివినవాళ్ళమే, చెప్పినవాళ్ళమే. వేలమంది స్త్రీలు ఎగుమతి మార్కెట్ కోసం రోజుకి ఆరేసి ఎనిమిదేసి గంటలు పనిచేస్తున్నా వాళ్ళని కార్మికులు అనరు. గృహిణులు అంటారు. చేసేది పని కాదు, తీరిక వేళ కాలక్షేపం. ఆ పేరు ఉన్నంతకాలం కూలి ఎంత తక్కువైనా ఎవరికీ తప్పనిపించదు. అల్లేవాళ్ళు స్త్రీలు, ఏజెంట్లూ ఎగుమతిదారులూ ఎక్కువగా మగవాళ్ళు. పొలం పనికి వెళ్ళే కూలి స్త్రీలకి దక్కేదాని కన్నా లేసు అల్లే 'మర్యాదస్తు' స్త్రీలకి దక్కేది బాగా తక్కువ అని కూడా మీస్ లెక్కలు తీసింది.

నా సిద్ధాంత గ్రంథంలో మీస్‌ని రెండుచోట్ల ఉటంకించాను. ఆ పుస్తకంలోని మనుషుల్లాంటి మనిషి మా ఇంట్లో ఉందన్న సంగతి నాకు తెలుసు. కానీ అత్తని ఒక్క ప్రశ్నయినా అడగలేదు.

ఈసారి అడుగుదామని మార్చిలో ఊరెళ్ళాను. మొగల్తూరు దాటి లోపలికి వెళ్ళాలి. అత్తకిప్పుడు అరవై ఎనిమిది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషను అయింది. లేసు మానేసి పదేళ్ళు. ఫోనులో చట్రం ఫోటో చూపించాను. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇది గోడకి ఎందుకు కొట్టారే?"

"అందంగా ఉందని."

"ఈ రేకు చూడు, వదులొచ్చేసింది. నేనిస్తే ఏజెంటు తీసుకునేవాడు కాదు. తిప్పి కొట్టేవాడు. దారం డబ్బులు కూడా కోసుకునేవాడు."

డిజైనర్ వేలు పెట్టి చూపించిన రేకే అది. నేను చెప్పకుండానే అత్త వేలు దాని మీదికి వెళ్ళింది.

ఆ మాట నా తలలోంచి పోలేదు. ఒకే పొరపాటుకి రెండు ధరలున్నాయన్నమాట. అరుగు మీద అది కోత, హాల్లో అది అందం. యంత్రాల కాలంలో మనకి చేతిపని ఎందుకు నచ్చుతుంది? దాని వెనక ఒక మనిషి కూర్చుని గడిపిన సమయం కనిపిస్తుంది కాబట్టి. వంకర రేకు ఆ సమయానికి సాక్ష్యం. ఆ సాక్ష్యానికే మనం ఎక్కువ డబ్బిస్తాం. కానీ ఆ వంకర వచ్చినప్పుడు బహుశా ఆమెకి కళ్ళు లాగాయి, లేదా పాలకి పిల్లాడు ఏడ్చాడు, లేదా పొయ్యి మీద అన్నం అడుగంటింది. అప్పుడు డబ్బు తగ్గింది ఆమెకి. లోపాన్ని మెచ్చుకునే స్తోమత వస్తువు చివరి గుమ్మం దగ్గరే ఉంటుంది. మొదటి గుమ్మం దగ్గర లోపం అంటే లోపమే.

నేను పలక సంగతి ఎత్తాను. "ఆ బొమ్మ వేసినావిడ పేరు రాశారు, అల్లినవాళ్ళ పేరు రాయలేదు అత్తా. అన్యాయం కదా."

అత్త నవ్వింది. "ఎవరి పేరు రాస్తారే? పువ్వు నేనల్లుతాను. అతుకుపని పక్కింటి వాళ్ళది. అంచు ఇంకోళ్ళది. అంతా అయ్యాక అది ఏమవుతుందో, దుప్పటవుతుందో పరదా అవుతుందో, నేనెప్పుడూ చూళ్ళేదు. మొత్తం దుప్పటి నేను చూసిందల్లా నీ పెళ్ళికిచ్చిందే. అది నా అంతట నేను అల్లుకున్నాను గనక."

అటక మీద సూట్‌కేసు గుర్తొచ్చి తలదించుకున్నాను.

తర్వాత అత్తే అంది: "పేరేం చేసుకుంటాం. రేటు రాయమను."

సాహిత్యం చదువుకున్న మనకి పేరు చాలా పెద్ద విషయం. అనామకంగా మిగిలిన రచయిత్రుల్ని వెతికి తీయడమే మన స్త్రీవాద విమర్శ చేసిన పెద్ద పనుల్లో ఒకటి. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991, 1993ల్లో వచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' సంపుటాలు మన తరానికి ఎంత ధైర్యమిచ్చాయో చెప్పక్కర్లేదు. పేరు పెట్టడం న్యాయం చెయ్యడమే అని అక్కడ నేర్చుకున్నాం. దాన్నే తీసుకొచ్చి లేసు పువ్వు పక్కన పెట్టబోయాను. కానీ పద్యానికి ఒక కర్త ఉన్నట్టు ఈ పువ్వుల దుప్పటికి కర్త లేదు. ముక్కలుగా విడగొట్టి పంచిన పని అది. ఎవరికీ మొత్తం తెలియకుండా పంచడం వల్లే ఎవరూ మొత్తానికి బేరమాడలేకపోయారు. ఇప్పుడు నేను వెళ్ళి ఒకరి పేరు రాయిస్తే, మిగతా ఇద్దరు మళ్ళీ మాయమవుతారు.

పేరు వస్తే చాలా అన్న ప్రశ్నకి అమెరికాలో ఒక జవాబుంది. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న ఊరు. అక్కడి నల్లజాతి స్త్రీలు, పత్తి తోటల్లో బానిసలుగా బతికినవాళ్ళ వారసులు, చిరిగిన పనిబట్టలు కలిపి బొంతలు కుట్టుకున్నారు. చలికి కప్పుకోడానికి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్క్‌లోని విట్నీలో ఆ బొంతల్ని ఆధునిక చిత్రాల్లా గోడలకి వేలాడదీశారు. కుట్టినవాళ్ళ పేర్లు పక్కనే రాశారు. 2006లో తపాలా బిళ్ళల మీదికి ఎక్కాయి. ఆ డిజైన్లతో కార్పెట్లూ గృహాలంకరణ వస్తువులూ అమ్ముడుపోయాయి. పేరు రావలసినంతా వచ్చింది. అయినా 2007లో వాళ్ళలో కొందరు స్త్రీలు తమకి రావలసిన వాటా రాలేదని కోర్టుకెక్కారు. ఆ కేసులు మరుసటి ఏడాది ముగిశాయి. ఆ గొడవలో ఎవరిది ఎంత న్యాయమో నేను తీర్పు చెప్పడం లేదు. గోడ మీద పేరు ఉన్నంత మాత్రాన లెక్క తేలినట్టు కాదని మాత్రం దానివల్ల తెలుస్తుంది.

మన దగ్గర ఇంకో రకం పేరు వచ్చింది. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. అది మంచిదే. యంత్రం మీద చేసిన నకలుకి ఆ పేరు పెట్టి అమ్మకుండా కొంత అడ్డు ఉంటుంది. కానీ చూడండి, ఆ పేరు ఊరిది. ఊరికి పేరొస్తే ఊళ్ళో ఎవరికొచ్చినట్టు? ఏజెంటుకా, ఎగుమతిదారుకా, అరుగు మీద కూర్చున్న మనిషికా?

అసలు దారం ఎప్పుడు కళ అవుతుందనేది పాత ప్రశ్నే. మృణాళినీ ముఖర్జీ జనపనార తాళ్ళకి రంగులద్ది, మగ్గం లేకుండా చేత్తో ముడులు వేసి, మనిషి కన్నా ఎత్తయిన శిల్పాలు చేసింది. బరోడాలో చదువుకున్న శిల్పి. అయినా ఇది శిల్పమా, చేతిపనా అన్న ప్రశ్న ఆమె వెంట చాలాకాలం తిరిగింది. 2015లో ఢిల్లీలో ఆమె జీవితకాల కృషి ప్రదర్శన మొదలైన కొద్ది రోజులకే ఆమె పోయింది. 2019లో న్యూయార్క్‌లో పెద్ద ప్రదర్శన జరిగింది. ఆమె ముడి ఆమె ఇష్టం. ఏ ముడి తర్వాత ఏ ముడో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఆమెకుంది, తప్పితే విప్పేసే సమయం కూడా. మా అత్తకి నమూనా వేరేవాళ్ళిచ్చారు, దారం తూకం వేసి ఇచ్చారు. చేతుల్లో నేర్పు ఇద్దరికీ ఉంది. కళకీ చేతిపనికీ తేడా నేర్పులో ఉందనుకున్నన్నాళ్ళూ మనం తప్పుచోట వెతుకుతున్నట్టే. ఎవరి సమయం మీద ఎవరికి అధికారం ఉందన్నదే ఆ తేడా.

అత్తని ఇంకొకటి అడిగాను. "పొలానికి వెళ్తే ఎక్కువొచ్చేది కదా, ఎందుకెళ్ళలేదు?"

వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత అంది: "మనిళ్ళల్లో ఆడవాళ్ళు పొలం వెళ్ళరనేవాడు మీ తాత. నేనూ అదే అనుకునేదాన్ని. నాట్లప్పుడు పేటలోంచి ఆడవాళ్ళు గుంపుగా పాడుకుంటా మా అరుగు ముందునించే వెళ్ళేవారు. రేటు తెగకపోతే గట్టు మీదే కూర్చునేవారు, దిగేవారు కాదు. నేను చూసి, అమ్మో ఎంత నోరో అనుకునేదాన్ని. నాకేమో ఏజెంటొస్తే తలుపు చాటునుంచి మాట్లాడాలి. తలుపు చాటునుంచి బేరమేం ఆడతావే?"

మీస్ పుస్తకంలో నేను చదివి, అండర్‌లైన్ చేసి, పరీక్షలో రాసిన విషయం ఇదే. కానీ 'తలుపు చాటునుంచి బేరం' అన్న ఒక్క మాటలో అత్త చెప్పినంత నాకు ఆ అధ్యాయం మొత్తంలో అందలేదు. కులం ఇచ్చిన మర్యాదని మా ఇంటి స్త్రీలు తమ కూలితో కొనుక్కున్నారు. పొలం గట్టు మీద కూర్చున్న దళిత స్త్రీలని తక్కువగా చూస్తూ, వాళ్ళకన్నా తక్కువకి పనిచేశారు. డిజైనర్లు ఆ లేసులో చూసే 'సున్నితత్వం', 'నాజూకుతనం' ఈ గడప లోపల తయారైనవే. ఆ నాజూకుతనాన్ని గోడకి వేలాడదీసినప్పుడు ఆ గడపని కూడా కొంత వేలాడదీస్తున్నాం.

తిరిగొచ్చాక డిజైనర్‌తో ఫోన్లో మాట్లాడాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆవిడ అడిగిన ప్రశ్నలో న్యాయముంది. "మేం కొనకపోతే ఎవరు కొంటారండీ? మెషీన్ లేసు మీటర్ల లెక్కన దొరుకుతోంది. ఈ కళ బతకాలంటే ఎవరో ఒకరు ఇళ్ళల్లో పెట్టుకోవాలి కదా." నిజమే. కొనడం మానేస్తే మా అత్తలాంటి వాళ్ళకి ఉన్న ఆ కాస్తా పోతుంది. చేతిపని కొనడం దోపిడీ అని తేల్చేసి, ప్లాస్టిక్ పువ్వులు పెట్టుకుని, మనస్సాక్షి నిర్మలంగా ఉందనుకోవడం సులభం. దానివల్ల అరుగు మీద ఎవరికీ ఒరిగేదేం లేదు.

అయితే ఆవిడ మాటలో 'కళ బతకాలి' అన్న చోట నేను ఆగుతాను. కళ బతకడం, చేసేవాళ్ళు బతకడం ఒకటి కాదు. అత్త కూతురు, నా ఈడుది, లేసు పట్టుకోలేదు. పదేళ్ళు భీమవరం వైపు రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళింది, ఇప్పుడు టైలరింగ్ షాపు పెట్టుకుంది. ఫ్యాక్టరీలో చల్లటి నీళ్ళల్లో వేళ్ళు పాడయ్యాయి, కానీ నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేదంది. ఆమె అల్లిక వదిలేసిందని బాధపడే హక్కు నాకుందా? నా గోడ అందంగా ఉండటం కోసం ఆమె తలుపు చాటున కూర్చోవాలని నేను కోరుకోగలనా? అంతరించిపోతున్న కళల గురించి మనం కార్చే కన్నీళ్ళలో, ఆ పని మనం చెయ్యక్కర్లేదన్న నిశ్చింత కూడా కొంత కలిసి ఉంటుంది. ఒక స్త్రీ తన ఇష్టంతో, తన నమూనాతో, గిట్టుబాటయ్యే రేటుకి అల్లితే ఆ అల్లిక బతకాలి. అలా కుదరకపోతే, అది పోయిందని ఆమెని నిందించకూడదు.

ఒక వస్తువు నాకు ఇష్టం అనడం తేలిక. ఇష్టానికి బాధ్యత ఉందా అన్నది నన్ను వేధిస్తున్న ప్రశ్న. చేతిపనిలో నాకు నచ్చేది ఎవరో ఖర్చుపెట్టిన కాలమే అయితే, ఆ కాలానికి నేను బాకీ ఉన్నాను. ఏజెంటుకి డబ్బిచ్చేశాను కాబట్టి చెల్లు అనుకోలేను. ఎన్ని గంటలు, గంటకెంత, వంకర పోతే ఎవరి జేబులోంచి కోత, కళ్ళు పోయాక ఎవరు చూస్తారు అని అడగకుండా ఉంటే ఆ ఇష్టం మొహమాటం లేని అప్పులాంటిది. డిజైనర్‌ని ఇవన్నీ అడిగాను. తను కొన్న దుకాణాన్ని అడిగి చెప్తానంది. ఇంకా చెప్పలేదు. ఒకవేళ చెప్పినా ఆ దుకాణానికి తెలిసి ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

కానీ ఆవిడ దాకా ఎందుకు? నా పీహెచ్‌డీ గ్రంథంలో కృతజ్ఞతల పేజీ రెండున్నర పేజీలుంది. గైడు, లైబ్రేరియన్లు, హాస్టల్ స్నేహితులు, టైపు చేసినతను అందరూ ఉన్నారు. డిగ్రీ మూడేళ్ళూ హాస్టల్ ఫీజు కట్టింది అత్త. నాన్న పంట పోయిన ఏడాది పుస్తకాలకి కూడా ఆవిడే ఇచ్చింది. అడిగితే "ఖాళీ టైంలో అల్లుకున్న డబ్బులేలే" అనేది. నేను నమ్మేశాను. ఖాళీ టైం అనేది ఎవరి మాటో తెలిసిన దాన్ని, ఆ మాట మీద అధ్యాయం రాసిన దాన్ని, మా ఇంట్లో వినిపిస్తే నమ్మేశాను. ఆ రెండున్నర పేజీల్లో అత్త పేరు లేదు. పలక లేదని నేను వేలెత్తి చూపిన గోడ నా దగ్గర కూడా ఉంది.

సూట్‌కేసు దింపాను. టేబుల్‌క్లాత్ మడతల దగ్గర పసుపు పచ్చగా మారింది. కుంకుడుకాయ రసంలో నానబెట్టి ఉతికితే చాలావరకు పోయింది. చట్రం కట్టించాలని ఒక్క క్షణం అనిపించింది. కట్టించలేదు. భోజనాల బల్ల మీద పరిచాను. రెండో రోజే మా అబ్బాయి పప్పుచారు ఒలకబోశాడు. అత్తకి ఫోన్ చేసి చెప్తే, "గుడ్డన్నాక మాసిపోదా ఏంటే, ఉతుక్కో" అంది. ఎన్నాళ్ళు పట్టింది అత్తా ఇది అల్లడానికి అని అప్పుడడిగాను, మొదటిసారి. రెండు వర్షాకాలాలు పట్టిందని చెప్పింది. పగలు ఏజెంటు పని, రాత్రి ఇది.

ఒక విషయం మాత్రం అత్తకి చెప్పలేదు. అద్దాల చట్రంలో ఉన్న ఆ ఒక్క పువ్వుకి నా స్నేహితురాలు ఎంత ఇచ్చిందో బిల్లు చూశాను. ఊళ్ళో అత్త మూడుసార్లు అడిగింది, ఎంతకి కొన్నారే అని. తెలీదన్నాను. ఆవిడ నొచ్చుకుంటుందని అనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, ఆవిడకి ఆ లెక్క తెలియకుండా చూసినవాళ్ళ వరసలో ఏజెంటు తర్వాత నేనూ నిలబడ్డాను. ఈ వ్యాసం అచ్చయ్యాక పత్రిక తీసుకుని వస్తానని చెప్పాను. చిన్న అక్షరాలు కనబడవు, నువ్వే చదివి పెట్టాలంది. ఇక్కడిదాకా చదివాక ఆ అంకె చెప్పాలి.